రెండో అంతస్తుకి ఏ గీజర్ పెట్టాలి? షవర్‌లో అసలు నీళ్లే సరిగ్గా రావట్లేదు

బోడుప్పల్‌వాలా:

నమస్తే అందరికీ. మాది బోడుప్పల్, ఉన్న ఇంటి మీద ఇప్పుడు రెండో అంతస్తు వేసుకున్నాం. పైపులన్నీ గోడల్లోకి పోయాయి, టైల్స్ అయిపోయాయి, గీజర్ ఒక్కటే మిగిలింది, అక్కడ ఆగిపోయాం. ఒక్కొక్కరు ఒక్కోటి చెప్తున్నారు. షాపతను 3 లీటర్ల ఇన్‌స్టంట్ తీసుకోండి, స్విచ్ వేయగానే వేడినీళ్లు, కరెంటూ కలిసొస్తుంది అన్నాడు. మా బావగారు 25 లీటర్లకి తగ్గావంటే చలికాలంలో తిట్టుకుంటావ్ అంటారు. ప్లంబరేమో గీజర్ సంగతి తర్వాత సార్, ముందు ప్రెజర్ పంపు పెట్టించండి అని ఒకటే పోరు. నిజంగా అవసరమై చెప్తున్నాడో, పంపు అమ్మితే తనకేమైనా మిగులుతుందో తెలీదు.

పైన షవర్ తిప్పితే ఏదో కారుతున్నట్టు వస్తున్నాయి నీళ్లు. మా ఆవిడ ముచ్చటపడి 8 అంగుళాల రెయిన్ షవర్ ముందే కొనేసింది. అది బిగించి చూస్తే అంచున ఉన్న రంధ్రాల్లోంచి చుక్క రాదు, నడిమధ్యలోంచి మాత్రం సన్నగా జారుతోంది. కింద గ్రౌండ్ ఫ్లోర్‌లో జోరుగానే వస్తాయి. ట్యాంకు 1000 లీటర్లది, టెర్రస్ మీద రెండడుగుల ఇటుక దిమ్మె కట్టి పెట్టాం. సంపులో నల్లా నీళ్లూ బోరు నీళ్లూ కలుస్తాయి, ఎండాకాలమొస్తే మొత్తం బోరే.

ఇంట్లో నలుగురం, పొద్దున బడి, ఆఫీసు అన్నీ ఒకేసారి. ప్రెజర్ ఎంతుందో మనమే చూసుకునే మార్గం ఉందా? పంపు లేకుండా గట్టెక్కుతామా? గీజర్ ఏది తీసుకోవాలి?

పైపులమేస్త్రి:

మీ ప్లంబర్ చెప్పిన వరస కరెక్టే అన్నా, ముందు నీళ్లు, తర్వాతే గీజర్. గీజర్ ప్రెజర్ పుట్టించదు, వచ్చిన ప్రెజర్‌ని కాస్త తినేస్తుంది కూడా. కానీ పంపు అనే ముందు కొలిచాడా లేదా అనేది అడగాల్సిన మాట.

లెక్క చాలా సింపుల్. ట్యాంకులో నీటిమట్టానికీ షవర్‌కీ మధ్య ఎంత ఎత్తుందో అంతే మీ ప్రెజర్. 33 అడుగుల ఎత్తుకి ఒక బార్ (ప్రెజర్‌ని కొలిచే లెక్క), అంటే 10 అడుగులకి 0.3. మీ గది ఎత్తు 10 అడుగులనుకుందాం, స్లాబు అరడుగు, దిమ్మె రెండడుగులు, షవర్ 7 అడుగుల దగ్గర ఉంటుంది. ట్యాంకు అడుగు నుంచి చూస్తే ఐదున్నర అడుగులు, నిండుగా ఉంటే ఇంకో మూడున్నర, మొత్తం తొమ్మిది. అంటే 0.16 నుంచి 0.27 బార్. గ్రౌండ్ ఫ్లోర్‌కి ఇంకో ఇరవై అడుగుల పైచిలుకు దిగుతాయి కాబట్టి అక్కడ 0.8, 0.9 వస్తుంది, అందుకే ఆ జోరు. చాలామంది 1000 లీటర్లది తీసేసి 2000 పెడితే ప్రెజర్ పెరుగుతుందనుకుంటారు, పెరగదు. ట్యాంకు లావు కాదు, ఎత్తే ముఖ్యం.

కొలవడానికి హార్డ్‌వేర్ షాపుల్లో అరంగుళం మర ఉన్న గేజ్ దొరుకుతుంది, నల్లాకి బిగించి చూడొచ్చు, దాని మీద ఒక కేజీ అంటే ఇంచుమించు ఒక బార్. కాకపోతే మీ పై అంతస్తులో ముల్లు సున్నా దగ్గరే తచ్చాడుతుంది, ఏమీ తేలదు. పైగా నీళ్లు కదలనప్పుడు అది చూపేది ఎత్తు మాత్రమే, పైపులో ఎక్కడ అడ్డం ఉందో చెప్పదు. మీకు పనికొచ్చేది బకెట్టూ ఫోనూ. షవర్ తల విప్పేసి, ఆ వంపు పైపు కింద బకెట్ పట్టి, 10 లీటర్లు నిండటానికి ఎంతసేపు పట్టిందో చూడండి. ట్యాంకు సగం ఉన్నప్పుడు చూడండి, నిండుగా ఉన్నప్పుడు చూసి సంబరపడొద్దు. చల్లటి లైను ఒకసారి, వేడి లైను ఒకసారి. గీజర్ ఇంకా లేదు కాబట్టి ఆ పాయింట్ దగ్గర ఇన్‌లెట్, అవుట్‌లెట్ కలిపి ప్లంబర్ లూప్ వేసే ఉంటాడు, లేకపోతే ఒక ఫ్లెక్సిబుల్ పైపుతో కలపండి.

అంతకుముందు జాలీలు విప్పి కడగండి. కొత్త ఇల్లు కదా, మిక్సర్ లోపల జాలీలో సిమెంట్ రవ్వ, టెఫ్లాన్ టేపు పోగులు ఇరుక్కుని ఉంటాయి. యాంగిల్ కాక్, ట్యాంకు దగ్గరి గేట్ వాల్వ్ పూర్తిగా తెరిచి ఉన్నాయో లేదో కూడా చూడండి.

కరెంటోడు_బెజవాడ:

ఇన్‌స్టంట్ గురించి నేను చెప్తా, షాపుల్లో ఈ లెక్క ఎవరూ చెప్పరు. 3 కిలోవాట్ల గీజర్‌లోంచి నిమిషానికి 3 లీటర్లు పోతే నీళ్లు 14 డిగ్రీలు వేడెక్కుతాయి. 4 లీటర్లు పోతే 10, 11. అదే 8 లీటర్లు పోతే 5 డిగ్రీలే. మీ హైదరాబాద్‌లో జనవరి పొద్దున ట్యాంకు నీళ్లు 20 డిగ్రీలున్నాయనుకోండి, స్నానానికి 40 దాకా కావాలి. ఆ 20 డిగ్రీలు ఎక్కాలంటే నిమిషానికి రెండు లీటర్లకి మించి వదలకూడదు. లోపలున్న మొదటి మూడు లీటర్లు సలసలా వస్తాయి, అది చూసి బ్రహ్మాండం అనుకుంటారు, ఆ తర్వాత గోరువెచ్చగా. పైగా రేపు ప్రెజర్ పంపు పెట్టించారంటే ఆ ఇన్‌స్టంట్ ఇక ఎందుకూ పనికిరాదు, నీళ్లు ఎంత జోరుగా పోతే అంత చల్లగా ఉంటాయి. అది వంటింటి సింక్‌కి బాగుంటుంది, అంతే. 4.5 కిలోవాట్లది తీసుకుంటే సరి అంటారేమో, అది 20 ఆంపియర్ల దాకా లాగుతుంది, మామూలు 16 ఆంపియర్ల సాకెట్‌లో పెట్టకూడదు.

కరెంటు కలిసొస్తుందన్నది కూడా సగం నిజమే. అన్నే నీళ్లు అంతే వేడి కావాలంటే ఏ గీజర్‌కైనా అంతే కరెంటు. నీళ్లు ముందే కాచి ఉంచే స్టోరేజ్ గీజర్‌లో అదనంగా పోయేది నీళ్లు నిలవ ఉన్నప్పుడు చల్లారే వేడి, దానికే స్టార్ రేటింగ్. 5 స్టార్ తీసుకుని, స్నానాలయ్యాక స్విచ్ కట్టేస్తే అదీ పెద్దగా ఉండదు.

25 లీటర్లది, 2 కిలోవాట్లది అయితే 20 నుంచి 60 డిగ్రీలకి రావడానికి 35 నిమిషాలు, యూనిట్ కన్నా కొంచెం ఎక్కువ కాలుతుంది. ఆ 25 లీటర్లలో చల్లనీళ్లు కలిపితే 40 డిగ్రీల నీళ్లు 50 లీటర్లొస్తాయి, అంటే పెద్ద బకెట్లు రెండున్నర. నలుగురికి ఒకే దమ్ములో సరిపోదు, ఇద్దరయ్యాక ఓ ఇరవై నిమిషాలు ఆగాలి. వైరు 4 ఎస్‌క్యూఎంఎం (చదరపు మిల్లీమీటర్లు) మందంది లాగించండి, ఎర్త్ కచ్చితంగా ఉండాలి, బోర్డులో 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే కట్ చేసే స్విచ్, ఉందో లేదో చూసుకోండి. గీజర్ కొనేటప్పుడు వందసార్లు బేరమాడే జనం దీని దగ్గర మాత్రం రేపు చూద్దాంలే అంటారు, నాకు అర్థం కాని విషయం అదే.

బోడుప్పల్‌వాలా:

మేస్త్రి అన్నా, కొలిచా. షవర్ తల తీసేసి, చల్లటి లైనులో 10 లీటర్లకి రెండున్నర నిమిషాలు, అంటే నిమిషానికి 4 లీటర్లు. వేడి లైనులో లూప్ మీదుగా 3 లీటర్లే. మీరన్నట్టే మిక్సర్ జాలీ విప్పితే చెంచాడు ఇసుక, తెల్లటి టేపు పోగులు. కడిగి బిగించాక చల్లటిది 5కి, వేడిది 4కి వచ్చాయి. కింద అదే 10 లీటర్లు 35 సెకన్లలో నిండిపోయాయి. ఇప్పుడేం చేయాలి? సోలార్ పెట్టిస్తే ఈ గొడవే ఉండదని పక్కింటాయన అంటున్నారు, అది కూడా చెప్పండి ఎవరైనా.

తిరుపతి_మేడమీద:

సోలార్ మా ఇంట్లో ఉందండీ, గాజు గొట్టాల రకం, 200 లీటర్లది. ఎండకి మాకేం లోటు లేదు, వేడినీళ్లు ధారాళంగా వస్తాయి, మబ్బు పట్టినప్పుడే లోపలి కాయిల్ వేసుకుంటాం. కానీ గొడవే ఉండదని మాత్రం అనుకోకండి. మామూలు సోలార్ ట్యాంకు ప్రెజర్ తట్టుకోదు, ఎత్తు మీద నడిచేదే. చల్లనీళ్ల ట్యాంకు అడుగు భాగం సోలార్ ట్యాంకు కన్నా పైన ఉండాలి, మీ రెండడుగుల దిమ్మెతో అది కుదరదు, ట్యాంకు ఎలాగూ పైకెత్తాల్సిందే.

ఇంకో తిరకాసు. మేం సోలార్ పెట్టించిన కొన్నాళ్లకి చల్లనీళ్ల లైనుకి మాత్రం ప్రెజర్ పంపు బిగించారు ఒకాయన. షవర్ మిక్సర్ ఎటు తిప్పినా చల్లనీళ్లే. ఒకరోజు బట్టలు ఆరేద్దామని మేడ మీదికెళ్తే సోలార్ ట్యాంకు ఎయిర్ పైపులోంచి బుడబుడా నీళ్లు పొంగి టెర్రస్ అంతా తడి. పంపు తోసే చల్లనీళ్లు మిక్సర్‌లో వేడి లైనులోకి ఎదురెక్కి పైదాకా వెళ్లిపోతున్నాయన్నమాట, కాచుకున్న వేడినీళ్లు కాస్తా డ్రెయిన్‌పాలు. ఆఖరికి షవర్‌ని పంపు లైను నుంచి తప్పించి, రెండూ ఎత్తు మీదే వచ్చేట్టు చేయించుకున్నాం. పంపూ సోలారూ రెండూ కావాలంటే ప్రెజరైజ్డ్ సోలార్ అని వేరే ఉంటుంది, రేటు ఎక్కువ, ముందే తేల్చుకోండి.

పైపులమేస్త్రి:

మేడం చెప్పింది బంగారం లాంటి మాట. పంపు పెడితే ట్యాంకు నుంచి లైను మొదలయ్యే చోటే పెట్టాలి, చల్లటి లైనూ గీజర్‌కెళ్లే లైనూ రెండూ దాని తర్వాతే చీలాలి.

మీ నంబర్లు చూశాక నా అభిప్రాయం. ముందు ట్యాంకుని మెట్ల గది నెత్తి మీదికెక్కించండి, అది టెర్రస్‌కి ఎనిమిదడుగులైనా ఉంటుంది, అంటే ఇప్పటికన్నా ఆరడుగులు ఎక్కువ. ఎత్తు రెట్టింపైతే నీళ్లు రెట్టింపవుతాయనుకోకండి, ఒకటిన్నర రెట్లు కూడా కాదు, మీ 5 లీటర్లు దాదాపు 7 అవుతాయి. మామూలు షవర్‌కి, హ్యాండ్ షవర్‌కి అది బ్రహ్మాండంగా చాలు. నిండు ట్యాంకు ఒక టన్ను బరువు, అది గోడలు, బీముల మీద కూర్చోవాలి, స్లాబు నడుమ కాదు, ఇంజనీర్‌కి చూపించండి.

ట్యాంకు నుంచి దిగే పైపు ఎంతదో కూడా చూడండి. పైనే అరంగుళం పైపు మొదలుపెట్టేసి ఉంటే ఎంత ఎత్తు పెంచినా లాభం లేదు. అదే నీటికి ముప్పావు కన్నా అరంగుళంలో అడ్డంకి ఆరేడు రెట్లు ఎక్కువ. ట్యాంకు నుంచి ఒకటింబావు, బాత్‌రూమ్ దాకా ముప్పావు, చివరి జానెడు మాత్రం అరంగుళం ఉంటే చాలు. వేడి లైను మొత్తం సీపీవీసీనే ఉండాలి, మామూలు పీవీసీ వేడికి మెత్తబడిపోతుంది.

రెయిన్ షవర్ కావాల్సిందే అంటే మాత్రం పంపు తప్పదు, దానికి నిమిషానికి పది లీటర్ల పైనే కావాలి. అర హెచ్‌పీది, రెండో అంతస్తు లైనుకి మాత్రమే. కొనేముందు అడగాల్సింది ఒకటుంది: కొన్ని పంపులు నీళ్లు కాస్త పారితేనే ఆన్ అవుతాయి, మీ లాంటి సన్న ధారకి అవి ఒక్కోసారి లేవవు, ప్రెజర్ స్విచ్ ఉన్న రకం తీసుకోండి. పక్కనుంచి నాన్ రిటర్న్ వాల్వ్‌తో (నీళ్లని వెనక్కి పోనివ్వనిది) పంపుని తప్పించి వెళ్లే బైపాస్ లైను వేయించండి, లేకపోతే కరెంటు పోయినప్పుడు సబ్బు ఒంటితో నిలబడతారు. ఇవన్నీ ట్యాంకు నుంచి వచ్చే లైనుకి మాత్రమే, వీధి నల్లా పైపుకి నేరుగా మోటారు బిగించొద్దు, జలమండలి వాళ్లు పట్టుకెళ్తారు.

గీజర్ 25 లీటర్లది, 8 బార్ రేటింగ్‌ది, గ్లాస్ లైనింగ్ ట్యాంకుది తీసుకోండి. పంపు ఇప్పుడు పెట్టకపోయినా తర్వాత పెట్టినప్పుడు భయం ఉండదు.

గోదారిగట్టు:

ఇంత లెక్క ఎందుకు సార్, ఓ బకెట్టూ మగ్గూ పెట్టుకుంటే ప్రెజర్ అవసరమే లేదు కదా. మా ఇంట్లో 15 లీటర్ల గీజర్, ఐదుగురం, ఎవరికీ రెయిన్ షవర్ లేదు, అందరం శుభ్రంగానే ఉన్నాం. గ్యాస్ గీజర్ గురించి ఎవరూ ఎత్తలేదు, మంచిదే, అది మాత్రం బాత్‌రూమ్ లోపల పెట్టొద్దు. తలుపులు మూసుకుని స్నానం చేస్తే కార్బన్ మోనాక్సైడ్‌తో ప్రాణాలు పోయిన కేసులు చాలా ఉన్నాయి.

బోడుప్పల్‌వాలా:

గోదారిగట్టు గారూ, మీ మాట మా ఆవిడకి చూపించా, ఆవిడ జవాబు ఇక్కడ రాయలేను. సరే, ట్యాంకు పైకెక్కించి మళ్లీ కొలుస్తాం, పంపు సంగతి ఆ తర్వాత. 25 లీటర్లదే ఖాయం. ఎండాకాలం మొత్తం బోరు నీళ్లే కదా, గీజర్ పాడవుతుందా? ఇంకోటి, కింద ఇంట్లో పాత గీజర్ పక్కనున్న ఇత్తడి వాల్వ్‌లోంచి ఆన్ చేసినప్పుడల్లా చుక్కలు పడతాయి, అది మార్పించాలా?

కరెంటోడు_బెజవాడ:

బోరు నీళ్లకి కాయిల్ చుట్టూ సున్నం పెంకులా కడుతుంది, అప్పుడు నీళ్లు ఆలస్యంగా వేడెక్కుతాయి, లోపల చిటపట శబ్దం వస్తుంది, చివరికి కాయిల్ కాలిపోతుంది. నీళ్లలో కరిగిన లవణాలన్నీ కలిపి చూపే టీడీఎస్ మీటర్ చూసి మోసపోకండి, అది కాఠిన్యం చెప్పదు, హార్డ్‌నెస్ విడిగా టెస్ట్ చేయించాలి. తాగునీటి ప్రమాణాల్లో లీటరుకి 200 మిల్లీగ్రాములు మంచిది, వేరే దారి లేకపోతే 600 దాకా అంటారు, 300 దాటితే గీజర్‌కి సేవ తప్పదు. థర్మోస్టాట్ 55, 60 మధ్య పెట్టుకోండి, వేడి పెరిగేకొద్దీ సున్నం ఎక్కువ కడుతుంది. లోపల మెగ్నీషియం రాడ్ ఒకటుంటుంది, ట్యాంకుకి బదులు అది అరిగిపోతుంది, ఏడాదికోసారి సర్వీస్‌లో విప్పించి చూడండి, పెన్సిలంత సన్నబడితే మార్చేయాలి.

ఆ ఇత్తడి వాల్వ్ సేఫ్టీది. నీళ్లు వేడెక్కితే ఉబ్బుతాయి, వెనక్కి పోనివ్వకుండా నాన్ రిటర్న్ ఉంటుంది కాబట్టి ఆ కాసిన్ని దానిలోంచి బయటికొస్తాయి. వేడెక్కేటప్పుడు మాత్రమే చుక్కలు పడితే దాని పని అది చేస్తున్నట్టు. గీజర్ కట్టేసి ఉన్నా కారుతుంటే లోపల సున్నం ఇరుక్కుందని అర్థం, అప్పుడు మార్పించండి. చిన్న ట్యూబు తొడిగి నీళ్లు పోయే జాలీలోకి వదిలేయండి, కారుతోంది కదా అని మూతి మాత్రం మూయించొద్దు, ప్లంబర్ సరే అన్నా సరే.