క్యాన్సర్ వార్డులో పిల్లల బొమ్మలు: ఫోటో కథ చేయడం తప్పా?

ఫ్రేమ్‌బాబు: పన్నెండేళ్లుగా పత్రికలకు ఫోటోలు తీస్తున్నాను. యాక్సిడెంట్లు, ధర్నాలు తీసీ తీసీ విసుగొచ్చింది. ఇప్పుడు బొమ్మలు, పాట, మట్టిపనితో తేరుకుంటున్నవాళ్ల కథలంటేనే పిచ్చి. ఆరు శనివారాలు ఒక పిల్లల క్యాన్సర్ వార్డులో, డ్రాయింగ్ క్లాసులో కూర్చున్నాను. తల్లిదండ్రుల సంతకాలున్నాయి. ఆల్బమ్ పెడితే ఒకావిడ ‘రోగాన్ని అమ్ముకుంటున్నారు’ అన్నారు. మీరేమంటారు?

గోదారిగట్టు: సంతకాలుంటే ఇంకేం గొడవండీ.

సత్యవతి: ఆ ఒకావిడ నేనే. సంతకాలు ఎప్పుడు పెట్టించారు, అడ్మిషన్ కాగితాలతో పాటేనా? మానసిక చికిత్సలో ఉన్న మనిషి ఫోటో అతని అనుమతి లేకుండా మీడియాకి ఇవ్వకూడదని 2017 చట్టమే చెబుతోంది.

ఫ్రేమ్‌బాబు: అది మానసిక చికిత్సకు మేడమ్, క్యాన్సర్‌కి కాదు. 1971లో జపాన్‌లోని మినమాటాలో అమెరికన్ ఫోటోగ్రాఫర్ యూజీన్ స్మిత్ తీసిన ఫోటో చూడండి. ఫ్యాక్టరీ వదిలిన పాదరసం వల్ల పుట్టుకతోనే దెబ్బతిన్న టోమోకోకి తల్లి స్నానం చేయిస్తుంటుంది. మరుసటి ఏడాది ‘లైఫ్’ పత్రికలో వచ్చాకే కదా లోకం అటు చూసింది!

పెన్సిల్‌ముక్క: చిన్న సందేహం. పిల్లలు రంగులతో వేస్తే మీ ఫోటోలన్నీ బ్లాక్ అండ్ వైట్ ఎందుకు?

లక్ష్మణ్: టోమోకో 1977లో పోయింది. ఆమెను ఇక విశ్రాంతిగా ఉండనివ్వాలని కన్నవాళ్లు కోరితే, 1998లో యూజీన్ మాజీ భార్య, ఆ ఫోటో హక్కులున్న ఐలీన్ స్మిత్ ఆ ఫోటో విషయంలో నిర్ణయం వాళ్లకే వదిలేశారు. ఆ సంగతి కూడా చెప్పండి సార్.

పెన్సిల్‌ముక్క: రంగుల సంగతి?

ఫ్రేమ్‌బాబు: వార్డులో ట్యూబ్‌లైట్లు, పచ్చ కర్టెన్లు. ముఖాలు పాలిపోయినట్టు వస్తాయి. ఎప్పుడైనా తీసి చూశారా? ఊరికే మాట్లాడటం తేలిక.

సత్యవతి: మాది నరసాపురం వైపు. మా అమ్మ కీమో రోజుల్లో కూడా క్రోషియా సూది వదల్లేదు. సెలైన్ ఎక్కుతుంటే ఇంకో చేత్తో పట్టుకుని లేసు అల్లేది. ఒకాయన వచ్చి ఫోటో తీశాడు. తర్వాత అది ఆ ఆసుపత్రి క్యాలెండర్‌లో వచ్చింది. జుట్టు లేని తల మాత్రం నిండుగా ఉంది, కింద చేతుల దగ్గర కోసేశారు. అమ్మ చూసి ఒక్కటే అడిగింది: ‘అల్లిక ఏదే?’

ఫ్రేమ్‌బాబు: అయ్యో, సారీ అండీ. కానీ నిజం చెప్పనా? లేసు ముక్క పెడితే ఎవరూ చూడరు. తల కనిపిస్తేనే ఆగుతారు. వార్డుకి విరాళాలు వచ్చేది అలాగే.

సత్యవతి: చూశారా! ఇందాకటి నుంచి ‘తేరుకోవడం’, ‘కళ’ అంటున్నారు. మీక్కావాల్సింది మాత్రం గుండు.

గోదారిగట్టు: మేడమ్, కాస్త మర్యాద.

ఫ్రేమ్‌బాబు: ఆరు వారాలు వాళ్ల మధ్య కూర్చున్నది నేను, మీరు కాదు.

పెన్సిల్‌ముక్క: సరే, కూర్చున్నారు కాబట్టే అడుగుతున్నా. తొమ్మిదో ఫోటోలో బాబు చేతిలో తను వేసిన ఏనుగు బొమ్మ ఉంది. ఏ రంగు?

లక్ష్మణ్: 😀

ఫ్రేమ్‌బాబు: (గంట తర్వాత) ఒరిజినల్ ఫైలు తీసి చూశాను. ఆకుపచ్చ. దంతాలు ఎర్రవి. అయినా ఆల్బమ్ మార్చను.