రెండు కంపెనీల నెట్ ఉన్నా ఒకేసారి పోతోంది, ఏం చేయాలి?

కాశీబుగ్గ నుంచి ప్రశ్న:
అందరికీ నమస్కారం. మాది చిన్న జీడిపప్పు ఫ్యాక్టరీ. బిల్లులు, ఈ-వే బిల్లులు (సరుకు లారీతో పంపడానికి జీఎస్టీ సైట్‌లో తీసేవి), టాలీ లెక్కలు, సీసీ కెమెరాలు అన్నీ నెట్ మీదే నడుస్తాయి. ఒకటి పోతే ఇంకొకటి ఉంటుందని పోయినేడాది రెండో కంపెనీ ఫైబర్ కూడా వేయించాను. కానీ పోయినప్పుడల్లా రెండూ కలిసే పోతున్నాయి. మొన్న సరుకు ఎక్కించిన లారీ ఈ-వే బిల్లు లేక గేటు దగ్గరే మూడు గంటలు నిలబడిపోయింది. ఫ్యాక్టరీలో ఫోన్ సిగ్నల్ కూడా అంతంతమాత్రం. చివరికి మా గుమాస్తా ఊళ్లోకి వెళ్లి ఫోన్‌లో బిల్లు తీసుకొచ్చాడు. ప్లాన్ కాగితం మీద మాత్రం 99.5 శాతం సమయం నెట్ ఉంటుందని గ్యారంటీ ఉంది. మూడో కనెక్షన్ తీసుకోమంటారా?

శ్రీకాకుళం నుంచి, ఆఫీసులకు నెట్‌వర్క్ పని చేసే సభ్యుడు:
మూడోది ఇప్పుడే వద్దండి. ముందు ఆ గ్యారంటీ సంగతి చూద్దాం. 30 రోజుల నెలలో 720 గంటలు. అందులో అర శాతం అంటే 3 గంటల 36 నిమిషాలు. అంటే మీ లారీ ఆగిన మూడు గంటలూ వాళ్ల లెక్కలో మాట తప్పినట్టే కాదు! 99.9 శాతం అయితే నెలకు 43 నిమిషాలే. శాతం కన్నా ముఖ్యం, కోత పడితే ఎన్ని గంటల్లో బాగు చేస్తారో కాగితం మీద ఉందా అన్నది. కేబుల్ తెగడం, కరెంటు పోవడం లెక్కలోకి రావని కింద చిన్న అక్షరాల్లో రాసి ఉంటే ఆ గ్యారంటీ మీకు పనికిరాదు.

ఇక రెండూ కలిసి పోవడం. బయటికి వెళ్లి చూడండి, రెండు కేబుళ్లూ ఒకే కరెంటు స్తంభాల మీద నుంచి వస్తున్నాయా? తర్వాత కంప్యూటర్‌లో ట్రేస్‌రూట్ (నెట్ ఏయే మెట్ల మీదుగా వెళ్తోందో చూపే కమాండ్) కొట్టండి, ఒక్కో లైన్ మీద విడివిడిగా. మూడు నాలుగు మెట్ల తర్వాత రెండింట్లోనూ అవే నంబర్లు వస్తే ఇద్దరూ ఒకే పెద్ద లైన్ మీద ఆధారపడ్డారన్నమాట. నంబర్లు వేరుగా వచ్చినంత మాత్రాన దారులు వేరనుకోకండి. భూమిలో ఒకే గొట్టంలో ఇద్దరి కేబుళ్లూ ఉండొచ్చు.

టెక్కలి నుంచి, ఫైబర్ జాయింట్లు వేసే సభ్యుడు:
అన్నా, నెట్ పోయినప్పుడు ఫైబర్ పెట్టె మీద ఏ లైటు వెలిగిందో చూశారా? ఎల్‌ఓఎస్ ఎర్రగా వస్తే మీ పెట్టెకు వెలుగు అందట్లేదు, కోత మీ వీధి వైపే. పాన్ (PON) లైటు పచ్చగా నిలకడగా ఉండి నెట్ రాకపోతే తప్పు వాళ్ల ఎక్స్ఛేంజీ దాటాక. వాన పడ్డ రోజుల్లోనే తరచూ పోతుంటే జాయింట్ బాక్సులో నీళ్లు చేరాయేమో అడగండి. లైన్‌మ్యాన్ వచ్చినప్పుడు పవర్ మీటర్ (ఫైబర్‌లో వెలుగు బలం కొలిచేది) రీడింగ్ చూపించమనండి. మైనస్ 20 డీబీఎం దగ్గర ఉంటే బాగున్నట్టే, మైనస్ 27 దగ్గరికి పోతే అంచు మీద ఉన్నట్టు. ఆ అంకె తేదీతో సహా రాసి పెట్టుకోండి, తర్వాత గొడవ పడటానికి ఆధారం అదే.

కాశీబుగ్గ:
చూశాను. మలుపు దగ్గర నుంచి రెండు కేబుళ్లూ ఒకే స్తంభాల మీద ఉన్నాయి. కానీ ఆ రోజు ఎర్ర లైటు రాలేదని గుమాస్తా గట్టిగా చెబుతున్నాడు. ట్రేస్‌రూట్‌లో నాలుగో మెట్టు నుంచి రెండూ ఒకటే.

శ్రీకాకుళం:
అయితే తెగింది మీ వీధిలో కాదు, పెద్ద లైన్‌లో. మన జిల్లా పొడవుగా సాగిన పట్టీ. జాతీయ రహదారి 16, హౌరా-చెన్నై రైలు మార్గం రెండూ అలాగే సాగిపోతాయి. ఫైబర్ కూడా ఎక్కువగా రోడ్డు వెంటే పడుతుంది, జేసీబీ ఒక్క పోటు పొడిస్తే ఆ అవతల ఊళ్లన్నీ పోతాయి. కాబట్టి మీ కంపెనీని ఒకే ఒక్క ప్రశ్న అడగండి: మీ పక్కనే ఉన్న పలాసకు లైన్ విశాఖ వైపు నుంచే వస్తోందా, బరంపురం వైపు నుంచి కూడా ఉందా? రెండు వైపులా ఉండి రింగ్‌గా కలిపి ఉంటే, ఒకచోట తెగినా ట్రాఫిక్ అటు తిరిగి వస్తుంది. జవాబు నోటిమాటగా వద్దు, మెయిల్‌లో తీసుకోండి.

రెండో ఫైబర్ మాన్పించి, ఆ డబ్బుతో బయట యాంటెన్నా ఉన్న 4జీ సిమ్ రౌటర్ డాబా మీద పెట్టించండి. సిగ్నల్ ఎత్తులో బాగా దొరుకుతుంది. ఆ సిమ్ కంపెనీ టవర్‌కు లైన్ కూడా అదే కేబుల్ మీద వస్తుంటే మళ్లీ మొదటికొస్తుంది. అందుకని కోత పడ్డ రోజు గుమాస్తా ఫోన్ ఏ కంపెనీ నెట్ మీద పనిచేసిందో, ఆ సిమ్మే వేయండి. ఫైబర్, సిమ్ రెండు లైన్లనూ కలిపే రౌటర్‌లో పింగ్ పరీక్ష (అవతలి నుంచి జవాబు వస్తోందో లేదో చూసేది) కంపెనీ గేట్‌వేకి, అంటే వాళ్ల దగ్గరి మొదటి మెట్టుకి పెట్టకండి, దూరంగా 8.8.8.8 లాంటి గూగుల్ చిరునామాకి పెట్టండి. లేకపోతే మొన్నటిలా పెద్ద లైన్ తెగినప్పుడు గేట్‌వే బాగానే పలుకుతుంది, రౌటర్ సిమ్‌కి మారదు. చాలాచోట్ల ఈ ఒక్క తప్పే చూశాను. కెమెరాలను సిమ్ మీదికి రానివ్వకండి, డేటా అంతా అవే తినేస్తాయి.

టెక్కలి:
తుపానుకు మాత్రం వేరే ఏర్పాటు ఉండాలి. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గరే తీరం దాటింది, స్తంభాలు వరసగా నేలకొరిగాయి. కరెంటు లేకపోతే టవర్లు కూడా బ్యాటరీ, డీజిల్ ఉన్నంతసేపే. హెచ్చరిక వచ్చిన రోజే పోయే సరుకు బిల్లులు తీసి ప్రింటు పెట్టుకోండి. మీ పెట్టెకూ రౌటర్‌కూ 12 వోల్టుల చిన్న యూపీఎస్ పెట్టించండి.

కాశీబుగ్గ:
కంపెనీకి మెయిల్ పెట్టాను. సిమ్ రౌటర్ శనివారం వస్తుంది. ఆదివారం లారీలు ఉండవు, ఫైబర్ పెట్టె ఆపకుండా వెనక ఉన్న నెట్ లైన్‌నే ఆపినట్టు ఎలా పరీక్షించాలి?

శ్రీకాకుళం:
మంచి ప్రశ్న. వైరు పీకితే అసలు విషయం తెలియదు. రౌటర్ ఫైర్‌వాల్‌లో (రాకపోకలను అడ్డుకునే సెట్టింగులో) ఫైబర్ వైపు నుంచి 8.8.8.8కి వెళ్లే పింగ్‌ను ఆపేయండి. గేట్‌వే పలుకుతూనే ఉంటుంది. నిమిషంలోపు సిమ్‌కి మారి, ఈ-వే బిల్లు సైట్ తెరుచుకుంటే సరే. మారకపోతే స్క్రీన్‌షాట్ ఇక్కడ పెట్టండి.