రెడ్ ఓక్ నేలకు స్టెయిన్ ‘వేయడమా’, ‘పట్టించడమా’?

ప్రశ్న: అమెరికాలో పాత ఇళ్లు కొన్న తెలుగువాళ్ల కోసం ఒక కరపత్రం రాస్తున్నాం. విషయం: రెడ్ ఓక్ (ఒక రకం గట్టి చెక్క) నేలను సాండింగ్ చేయించి, అంటే గరుకు కాగితంతో అరగదీయించి, కొత్త స్టెయిన్ (చెక్కలోకి ఇంకే రంగు) ఎంచుకోవడం. నిఘంటువు ‘స్టెయిన్’కి ‘మరక’ అంటోంది. ‘అండర్‌టోన్’కి (పైరంగు వెనక తొంగిచూసే మరో ఛాయ) మాటే దొరకలేదు. స్టెయిన్ పనిని ‘అద్దకం’ అనొచ్చా? ఓక్‌ని ‘సింధూరం’ అనమని ఒకరి సలహా.

జవాబు: ‘మరక’ను దాచిపెట్టుకోండి, అదే పనిలో దానికి వేరే అవసరం ఉంది. ఓక్‌లో టానిన్ అనే వగరు పదార్థం ఎక్కువ. తడి, ఇనుప మేకు కలిసినచోట అది నల్లబడుతుంది. పెంపుడు జంతువుల మూత్రం పడ్డచోటా నలుపు లోపలికి దిగుతుంది. సాండింగ్‌కు పోని నల్ల మరకలుంటే ఆ పలకలు మార్చాలి, లేదా ముదురు స్టెయిన్‌కు సిద్ధపడాలి. ఈ ముక్క కరపత్రంలో ఉండాల్సిందే. అక్కడ ‘మరక’కు రెండర్థాలుంటే చదివేవాళ్లు తికమకపడతారు.

‘అద్దకం’ బట్టలది. పైగా ‘అద్దండి’ అంటే గుడ్డతో అక్కడక్కడా అద్దేవాళ్లుంటారు, నేల మీద అతుకులు కనిపిస్తాయి. మన వడ్రంగులు మొత్తం పనిని ‘పాలిష్’ అనేస్తారు. ఇక్కడ అదీ కుదరదు, ఎందుకంటే స్టెయిన్ వేరు, దాని మీద రక్షణగా వేసే పాలీయురెథేన్ పూత వేరు.

నామవాచకాన్ని స్టెయిన్ అనే ఉంచి క్రియ మార్చండి. పెయింట్ ‘వేస్తాం’, అది కప్పేస్తుంది. స్టెయిన్ ‘పట్టిస్తాం’, అది చెక్కలోకి ఇంకుతుంది. ఒకే గోరింటాకు ఒక్కో చేతికి ఒక్కోలా పండినట్టు, ఒకే డబ్బాలోని స్టెయిన్ ఒక్కో చెక్క మీద ఒక్కో రంగు తేలుతుంది.

సింధూరం అంటారా, తెలుగు బైబిల్లో సింధూరవృక్షం ఉంది కాబట్టి కొత్త మాటేం కాదు. కానీ ‘ఎర్ర సింధూరం’ అని చూడండి, నేలకు కుంకుమ పూయమన్నట్టుంది! రెడ్ ఓక్ అనే రాయండి.

మరో జవాబు: ‘పట్టించడం’ సరైన మాట. ఇంకో క్రియ చేర్చాలి, ‘ఊరడం’. రెడ్ ఓక్‌లో వసంతంలో పెరిగిన పొరలో పెద్ద పెద్ద రంధ్రాలుంటాయి. వైట్ ఓక్‌లో అవి పూడిపోయి ఉంటాయి, రెడ్ ఓక్‌లో తెరుచుకునే ఉంటాయి. స్టెయిన్ అక్కడ ఎక్కువ దిగి, గట్టి పొరలో తక్కువ దిగుతుంది. స్టెయిన్ ముదిరేకొద్దీ చెక్క గీతలు కొట్టొచ్చినట్టు కనిపించేది అందుకే.

డబ్బా మీద చెప్పినంతసేపు (ఎక్కువ వాటికి 5 నుంచి 15 నిమిషాలు) ఉంచి తుడిచేస్తారు. అంతటితో పని అయిపోదు. రంధ్రాల్లో దిగిన స్టెయిన్ కాసేపటికి మళ్లీ పైకి ఊరుతుంది. ఇంగ్లీషువాళ్లు ‘బ్లీడ్ బ్యాక్’ అనేది ఇదే. రెండోసారి, కావాలంటే మూడోసారి తుడవాలి. లేకపోతే మెరిసే చుక్కలుగా ఎండిపోయి, పై పూత అక్కడ సరిగా అంటుకోదు. ఒకరు పట్టిస్తుంటే ఇంకొకరు వెనకే తుడుస్తూ రావాలి. గదిలో ఒక గోడ దగ్గర మొదలుపెట్టి, కొద్దికొద్ది భాగాలుగా, పలకల పొడవునా సాగాలి.

మరో జవాబు: ‘అండర్‌టోన్’కి ‘జీర’. కళ్లలో ఎర్రజీర అంటాం కదా. రెడ్ ఓక్‌కు గులాబి జీర ఉంటుంది. రంగు ఎంపికలో సగం సమస్య అదే.

బూడిద రంగు స్టెయిన్ పట్టిస్తే ఊదా తిరిగిపోతుంది. తెలుపు పట్టిస్తే గులాబి బయటపడుతుంది. డబ్బాల మీద గన్‌స్టాక్, రెడ్ మహోగనీ లాంటి పేర్లున్న రంగులు ఎరుపును ఇంకా పెంచుతాయి. ఎరుపును అణిచేది ఆకుపచ్చ కాబట్టి కాస్త ఆకుపచ్చ జీర ఉన్న గోధుమ రంగులు నప్పుతాయి. స్పెషల్ వాల్‌నట్, ప్రొవిన్షియల్ మధ్యస్థం, జీర చాలావరకు తగ్గుతుంది. జాకోబియన్ అంతకంటే ముదురు. జాకోబియన్, ఎబొనీ సగం సగం కలిపితే ఎరుపు దాదాపు కనపడదు, కానీ దుమ్మూ, సాండింగ్ గీతలూ అన్నీ కనపడతాయి. లేత రంగే కావాలంటే స్టెయిన్ కాదు, ముందు రెండు భాగాల బ్లీచ్ కావాలి. అందులో కాస్టిక్ సోడా, హైడ్రోజన్ పెరాక్సైడ్ ఉంటాయి. చేతి తొడుగులు, కళ్లద్దాలు లేకుండా ముట్టుకోకూడదు. ఆ ఖర్చూ శ్రమా అందరికీ అక్కర్లేదని నా అభిప్రాయం.

పై పూతా జీర తెస్తుంది. నూనె ఆధారిత పాలీయురెథేన్ పసుపు జీర కొడుతుంది, ఏళ్లు గడిచేకొద్దీ ముదురుతుంది. నీటి ఆధారితం స్వచ్ఛంగా ఉంటుంది.

ప్రశ్న వేసినవారు: ‘శాంపిల్’ను నమూనా అనొచ్చా? ‘వాటర్ పాపింగ్’కి ఏమనాలి?

జవాబు: నమూనా సరే. అయితే ‘నమూనా చూడండి’ అనకండి, ‘మీ నేల మీదే పట్టించి చూడండి’ అనండి. కొట్లో అట్ట మీది రంగు వేరే చెక్కది కావచ్చు. చివరి దశ దాకా సాండింగ్ అయిన చోట, అడుగు చదరానికి తక్కువ కాకుండా మూడు నాలుగు రంగులు పట్టించి, వాటి మీద పై పూత కూడా వేసి, పగటి వెలుగులోనూ రాత్రి దీపాల కిందా చూడాలి. ఎంపిక అయ్యాక ఆ చదరాలను మళ్లీ సాండింగ్ చేసేయాలి.

వాటర్ పాపింగ్‌కి ‘నూగు లేపడం’. సాండింగ్ అయిన నేలను సమానంగా తడిపితే చెక్క నూగు లేస్తుంది, స్టెయిన్ ముదురుగా, సమంగా పడుతుంది. పూర్తిగా ఆరాకే స్టెయిన్. ఈలోపు నడిస్తే అడుగులు, నీటిచుక్క పడితే చుక్క, స్టెయిన్ తర్వాత స్పష్టంగా తేలతాయి. నేలకు నూగు లేపేటట్టయితే నమూనాకూ లేపాలి, లేదంటే రంగు కలవదు.

సాండ్ పేపర్ (గరుకు కాగితం) అంకెలు తప్పకుండా ఇవ్వండి, అంకె పెరిగేకొద్దీ నునుపు: 36, 60, 80, చివర 100. కొందరు 120 దాకా వెళ్తారు. నునుపు పెరిగేకొద్దీ స్టెయిన్ తక్కువ దిగుతుంది, రంగు లేతబడుతుంది. మధ్యలో పెద్ద యంత్రం, గోడల పక్కన ఎడ్జర్ (అంచులు అరగదీసే చిన్న యంత్రం) వాడి ఆ రెండింటినీ కలపకపోతే గది చుట్టూ పటం కట్టినట్టు వేరే రంగు చట్రం వస్తుంది.

ఒక క్వార్ట్ (లీటరుకు కాస్త తక్కువ) స్టెయిన్ సుమారు 150 చదరపు అడుగులకు వస్తుంది. 300 అడుగుల గదికి రెండు తెచ్చి, రెండూ ఒక బకెట్లో కలిపేయండి. రంగు పొడి అడుక్కి దిగుతుంది కాబట్టి మధ్యమధ్య కలుపుతూ ఉండాలి.

ప్రశ్న వేసినవారు: చివరి వాక్యం ఇలా రాశాం: ‘తుడిచిన గుడ్డలు పడేయండి.’

జవాబు: అదొక్కటి మార్చండి. నూనె స్టెయిన్ గుడ్డలు కుప్పగా ఉంటే లోపల వేడి పుట్టి వాటంతటవే నిప్పంటుకోవచ్చు. ‘ఆరుబయట విడివిడిగా పరిచి ఆరేయండి, లేదా నీళ్లు పోసిన ఇనుప డబ్బాలో వేసి మూత పెట్టండి’ అని రాయండి.