కాన్పుకు వంద కిలోమీటర్లు పంపకుండా, దగ్గరి ఆసుపత్రిలోనే మిడ్‌వైఫ్ కావాలని ఎవరిని అడగాలి?

పొదుపు సంఘం లీడర్, కర్నూలు జిల్లా:

అందరికీ నమస్కారం. మాది ఆదోని డివిజన్‌లో ఒక పల్లె. ఊరి పేరు, ఆసుపత్రి పేరు రాయను. రేపు మళ్లీ అదే గడప తొక్కాల్సింది మేమే.

పోయిన ఎండాకాలం మా ఆడబిడ్డ కూతురికి రెండో కాన్పు. మొదటిది మామూలు కాన్పే. రాత్రి నొప్పులు మొదలైతే దగ్గరి ఆసుపత్రికి తీసుకుపోయాం. "ఇంకా టైముంది, ఇంటికి పోయి రాండి" అన్నారు. నొప్పులు గట్టిపడ్డాక మళ్లీ పోతే "రక్తం తక్కువుంది, మత్తు డాక్టరు లేడు, కర్నూలుకు తీసుకుపోండి" అన్నారు. మా దగ్గర నుంచి కర్నూలంటే వంద కిలోమీటర్ల పైమాటే. దారిలోనే 108లో కాన్పయింది. బండిలో ఉన్న టెక్నీషియన్ పిల్లోడు ధైర్యంగా చేశాడు, తల్లీ బిడ్డా బాగున్నారు. ఆసుపత్రిలో చేయలేమన్న కాన్పు రోడ్డు పక్కన ఎట్లా అయింది? అప్పటి నుంచి ఈ ప్రశ్న నన్ను వదలడం లేదు.

సంఘం మీటింగులో ఈ మాట ఎత్తగానే అప్పులు, వాయిదాల లెక్క పక్కకు పోయింది. ఒక్కొక్కరూ చెప్పుకొచ్చారు. నొప్పులప్పుడు తోడుగా తన తల్లిని లోపలికి రానీయలేదని ఒకరు. అరిస్తే తిట్టారని ఒకరు (ఏం తిట్టారో ఇక్కడ రాయలేను, కన్న ఆడవాళ్లందరికీ తెలుసు). కడుపు మీద మోచేత్తో ఒత్తారని ఇంకొకరు. ఒకామెకు కాన్పయిన వెంటనే కాపర్ టీ వేశారట, ఆమెతో ఒక్క మాట చెప్పలేదు. నెలల తరబడి నడుం నొప్పి అని తిరిగి, వేరే చోట స్కానింగ్ తీస్తే బయటపడింది.

తెలంగాణలో సర్కారు ఆసుపత్రుల్లో మిడ్‌వైఫ్‌లు ఉన్నారని, నొప్పులు మొదలైనప్పటి నుంచి పక్కనే ఉంటారని అక్కడున్న మా చుట్టాలు చెప్పారు. మాకూ అట్లాంటి మనిషి కావాలి. ఎవరిని అడగాలి, ఏమని అడగాలి? మొన్నటిదాకా ఇద్దరి కంటే ఎక్కువ పిల్లలుంటే సర్పంచ్‌గా నిలబడకూడదన్నారు. 2024లో ఆ నిబంధన తీసేశారు, ఇప్పుడు ఎక్కువ మందిని కనమంటున్నారు. ఎంతమందిని కనాలో చెప్పేవాళ్లే గానీ, ఎక్కడ కనాలో చెప్పేవాళ్లు లేరు.

లేబర్ రూమ్ నర్సు, అనంతపురం:

అక్కా, నేను సర్కారు ఆసుపత్రిలోనే పని చేస్తా. మీరు రాసినవి అబద్ధమని అనను. మా వైపు సంగతి కూడా కొంచెం చెప్తా.

రాత్రి డ్యూటీలో ఒకే నర్సు ఉంటుంది. ఒక టేబుల్ మీద కాన్పు జరుగుతుంటే, ఇంకొకామెకు నొప్పులు, వార్డులో బాలింతలు, పైగా రిజిస్టర్లు. ఏదైనా తేడా వస్తే ముందు మా మీదికే వస్తారు. అందుకే చాలా చోట్ల కొంచెం అనుమానం ఉన్నా రాసి పంపేస్తారు. అది సరైనదని కాదు, జరుగుతున్నది అది.

ఇక మిడ్‌వైఫ్ సంగతి. కేంద్ర ప్రభుత్వం 2018 డిసెంబర్‌లోనే దీనికి మార్గదర్శకాలు ఇచ్చింది. నర్సింగ్ చదివినవాళ్లకు 18 నెలల ప్రత్యేక శిక్షణ ఇస్తారు. వాళ్లు నడిపే కాన్పు గదులు ఆసుపత్రిలోనే, డాక్టర్లకు అందుబాటులో ఉండాలి. బీపీ, కవలలు, ఎదురుకాళ్లు లాంటి ఇబ్బందులు లేని కాన్పులను వాళ్లు చూసుకుంటారు. తేడా కనిపిస్తే వెంటనే డాక్టరుకు అప్పగిస్తారు. నొప్పుల్లో నడవనిస్తారు, కూర్చోనిస్తారు, నీళ్లు తాగనిస్తారు. వెల్లకిలా పడుకునే కనాలని పట్టుబట్టరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018 సిఫార్సుల్లోనూ ఇదే ఉంది: తోడు మనిషిని ఉండనివ్వాలి, కడుపు మీద ఒత్తకూడదు, అందరికీ అలవాటుగా కింద కోత పెట్టకూడదు.

తోడు మనిషి కోసం మిడ్‌వైఫ్ వచ్చేదాకా ఆగక్కర్లేదు. సర్కారు ఆసుపత్రుల్లో కాన్పు గదిలోకి ఒక ఆడమనిషిని తోడుగా రానివ్వాలని 2016లోనే కేంద్రం చెప్పింది. కర్టెన్లు లేవు, పక్క టేబుల్ మీద ఇంకొకామె ఉంది అంటారు. అయితే కర్టెన్లు అడగండి.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్తా. రక్తం తక్కువ అనేది ఆ రాత్రి పుట్టిన సమస్య కాదు. ఐదో నెలలోనో ఆరో నెలలోనో పట్టుకుని ఉంటే ఐరన్ మాత్రలతోనో, సెలైన్‌లో ఎక్కించే ఐరన్‌తోనో కాన్పు నాటికి సర్దుకునేది. ప్రతి నెలా 9న సర్కారు ఆసుపత్రుల్లో గర్భిణులకు ఉచితంగా డాక్టరు పరీక్ష ఉంటుంది. ఆ అమ్మాయి కార్డులో రక్తం లెక్క ఏ నెలలో ఎంత రాశారో తీసి చూడండి. మీ అర్జీకి అది పనికొస్తుంది.

ప్రొద్దుటూరు, ఇప్పుడు బెంగళూరు:

ఏమీ అనుకోవద్దు మేడం. మా అవ్వ కాలంలో మంత్రసాని ఉండేది, ఎంతమంది తల్లులు పోయారో కూడా తెలుసు. ఇంత కష్టపడి కాన్పులన్నీ ఆసుపత్రికి తెచ్చాక మళ్లీ డాక్టరు లేకుండా కనమంటారా? సిజేరియన్ అయితే టెన్షన్ ఉండదు కదా. మా ఆవిడకు ప్రైవేటులో ముహూర్తం చూసి చేయించాం, బాగానే ఉంది.

లేబర్ రూమ్ నర్సు, అనంతపురం:

అన్నా, నేను రాసింది ఆసుపత్రి లోపల ఉండే మిడ్‌వైఫ్ గురించి, ఇంటి దగ్గర కాన్పు గురించి కాదు. మన రాష్ట్రంలో నూటికి 96 కాన్పులు ఇప్పటికే ఆసుపత్రుల్లోనే అవుతున్నాయి, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క అది. అదే సర్వేలో సిజేరియన్లు 42 శాతం. ప్రైవేటులో 63, సర్కారులో 27 దగ్గర. ఇంతమందికి కడుపు కోయాల్సిన అవసరం ఉంటుందా? అవసరమైన చోట ఆపరేషన్ ప్రాణం నిలబెడుతుంది, దాన్ని నేను కాదనను. కానీ కూలికి పోయే మనిషికి ఆ కోతతో ఎన్ని నెలలు పని పోతుందో, తర్వాతి కాన్పులో ఎంత రిస్కో ముహూర్తం పెట్టేవాళ్లు చెప్పరు.

ఆశా కార్యకర్త:

వదినా, మీ ఊరి వైపే నేను కూడా. ఇందులో సుగ్గి మాట ఎవరూ ఎత్తలేదు. సంక్రాంతి అయ్యాక సగం ఊరు గుంటూరు మిరప కోతలకు పోతుంది. కడుపుతో ఉన్నవాళ్లు కూడా పోతారు, ఆగితే తిండెట్లా? గుడారాల్లో ఉంటారు, చెకప్‌లు ఉండవు, తొమ్మిదో నెలలో వచ్చి నా ముందు నిలబడతారు. అప్పుడు చూస్తే రక్తం ఏడు కూడా ఉండదు. తిట్లు మాత్రం నాకు, "నువ్వేం చూసుకున్నావు" అని.

ఇప్పుడు నేనొక పని చేస్తున్నా. పోయే ముందే తల్లీబిడ్డ కార్డు, మూడు నెలలకు సరిపడా మాత్రలు చేతికిస్తున్నా. ఆ కార్డు ఏ సర్కారు ఆసుపత్రిలోనైనా చూపించవచ్చు, గుంటూరు జిల్లాలో కూడా 9వ తేదీన పోవచ్చు అని చెప్పి పంపిస్తున్నా. మేస్త్రీకి కూడా చెప్తున్నా, ఆ రోజు కూలి కోయొద్దని. వినేవాళ్లు వింటారు. మీ అర్జీలో ఇది కూడా రాయండి, వలస పోయే చోట గుడారాల దగ్గరికి ఏఎన్ఎం రావాలని.

కడప, సమాచార హక్కు:

నేను మగవాణ్ని, కాన్పుల గురించి చెప్పే అర్హత లేదు. కాగితాల సంగతి చెప్తాను.

"మిడ్‌వైఫ్ కావాలి" అని ఉత్త అర్జీ ఇస్తే "పరిశీలిస్తాం" అని మూలన పడేస్తారు. ముందు లెక్కలు తీయండి. సమాచార హక్కు కింద ఆ ఆసుపత్రిని అడగండి: గడిచిన ఏడాదిలో నెలవారీగా ఎంతమంది నొప్పులతో వచ్చారు, ఎన్ని మామూలు కాన్పులు, ఎన్ని సిజేరియన్లు, ఎంతమందిని వేరే ఆసుపత్రికి పంపారు, రిజిస్టర్‌లో రాసిన కారణమేంటి. గైనిక్, మత్తు డాక్టర్ల పోస్టులు ఎన్ని మంజూరు, ఎన్ని ఖాళీ. రాత్రి షిఫ్టులో నర్సులు ఎంతమంది. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. దారిద్ర్య రేఖకు దిగువన ఉన్నవాళ్లకు ఫీజు లేదు, కార్డు జిరాక్సు జత చేస్తే చాలు. కాబట్టి అలాంటి కార్డున్న సభ్యురాలి పేరుతో పెట్టండి. పేషెంట్ల పేర్లు అడగొద్దు, ఆ సాకుతో తిప్పి పంపుతారు.

జవాబు చేతికొచ్చాక సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే చోటికి పోండి. రసీదు నంబరు తీసుకోకుండా రావద్దు.

లేబర్ రూమ్ నర్సు, అనంతపురం:

కాపర్ టీ విషయం మర్చిపోయా. ఆమెకు చెప్పకుండా, ఒప్పుకోకుండా వేయడం తప్పు. వద్దనుకుంటే సర్కారు ఆసుపత్రిలోనే తీయించుకోవచ్చు, డబ్బు కట్టక్కర్లేదు. పిల్లల ఆపరేషన్‌కూ అంతే, ఆమె ఒప్పుకోలు ఉంటే చాలు. మొగుడి సంతకం ఉండాలని ప్రభుత్వ నిబంధనల్లో లేదు. అబార్షన్‌కైనా 18 నిండినామె సంతకం ఒక్కటే చట్టం అడిగేది. మన రాష్ట్రంలో ఆ సర్వే ప్రకారం దాదాపు 70 శాతం పెళ్లయిన ఆడవాళ్లు ఆపరేషన్ చేయించుకున్నారు, మగవాళ్లు అర శాతం కూడా లేరు. కడపన్నా, మీరు చెప్పాల్సింది ఇక్కడుంది చూడండి.

పొదుపు సంఘం లీడర్, కర్నూలు జిల్లా:

అందరికీ దండాలు. కార్డు తీసి చూశా చెల్లీ. ఆరో నెలలో రక్తం ఎనిమిదిన్నర అని రాసి ఉంది, ఆ తర్వాత గడులన్నీ ఖాళీ. అప్పుడు వాళ్లు గుంటూరులో ఉన్నారు.

సమాచార హక్కు కాగితం ఈ వారమే మా రెండో లీడర్ పేరు మీద పెడుతున్నాం, ఆమెకు దారిద్ర్య రేఖ కార్డుంది. అర్జీలో మూడే అడుగుతాం: రాత్రి షిఫ్టుకు ఇంకొక నర్సు, కాన్పు గదిలో కర్టెన్లు పెట్టి తోడు మనిషికి అనుమతి, శిక్షణ పొందిన మిడ్‌వైఫ్ పోస్టు. సుగ్గి విషయం వేరే అర్జీగా రాస్తే మేలా, ఇందులోనే కలిపితే మేలా? కడప అన్నా, మీరు చెప్పండి. గుంటూరు వాళ్ల పరిధి అని చెప్పి మొత్తం కాగితాన్ని అక్కడికి తోసేస్తారేమోనని నా అనుమానం.

కడప, సమాచార హక్కు:

వేరేగానే రాయండి. మీరనుకున్నట్టే తోసేస్తారు.