ఎండిపోతున్న వేప: కొట్టేయాలా, ఇంకో వానాకాలం చూడాలా?

వాకిలివేప:
ఇంటి ముందు వేప చెట్టు, ఇల్లు కట్టినప్పుడు పెట్టింది, ఇరవై రెండేళ్లయింది. పోయినేడు నుంచి కొమ్మల చివర్లు మాడినట్టు ఎండిపోతున్నాయి, ఈసారి సగం గుబురే లేదు. మా ఆవిడ కొట్టించేసి కొత్త మొక్క పెడదామంటోంది. నాకు గొడ్డలి అనగానే మనసొప్పట్లేదు. మీరైతే ఏం చేస్తారు?

కొమ్మారెమ్మా:
తొందరపడకండి. వేపకి ఇలా చివర్ల నుంచి ఎండడం ఎక్కువగా ఫోమోప్సిస్ అనే శిలీంధ్రం పని, టీ దోమ అనే పురుగు రసం పీల్చినా చిగుళ్లు ఇలాగే మాడతాయి. చూస్తే చచ్చిపోయిందనే అనిపిస్తుంది కానీ చాలా చెట్లు మళ్లీ చిగురిస్తాయి. గోరుతో బెరడు గీకండి, లోపల పచ్చగా, తడిగా ఉంటే ఆ కొమ్మకి ప్రాణం ఉన్నట్టే. ఎండినంత మేరా, దానికింద కాస్త పచ్చి భాగం కూడా కలిపి కోయించి, కోసిన కొమ్మల్ని చెట్టు కిందే వదిలేయకుండా తీసేయండి.

నిచ్చెన:
కొమ్మల సంగతి సరే, మొదలు చూశారా అన్నా? అందరూ తలెత్తి చూస్తారు, వంగి చూసేవాళ్లు తక్కువ. మొదట్లో చెక్కలా గట్టిగా, అరలాగా బయటికి పొడుచుకొచ్చిన పుట్టగొడుగు ఉందంటే గానోడెర్మా కావచ్చు, అది వేర్లనీ మొదలునీ కుళ్లబెడుతుంది. పైన ఆకు పచ్చగా ఉండగానే ఒక గాలివాన రాత్రి చెట్టు మొత్తం ఒరిగిపోతుంది. అది కూడా గేటు పక్కన.

కొమ్మారెమ్మా:
అలా భయపెట్టేస్తే ప్రతి ముసలి చెట్టునీ కొట్టేయాల్సిందే! తొర్ర ఉన్నంత మాత్రాన చెట్టు పోయినట్టు కాదు, ప్రాణమంతా బెరడు కిందే ఉంటుంది, నడిమధ్య చెక్క ఎలాగూ చచ్చిందే. చుట్టూ గట్టి చెక్క మందం మాను వ్యాసార్ధంలో మూడో వంతు ఉంటే నిలబడుతుందని ఒక మోటు లెక్క. తొర్రలో సిమెంటు మాత్రం పోయించకండి, లోపల తేమ నిలిచి ఇంకా పాడవుతుంది.

నిచ్చెన:
తొర్రకి ఆ లెక్క ఒప్పుకుంటా. వేర్లే కుళ్లిపోతే ఏ లెక్కా పనిచేయదు.

వాకిలివేప:
ఇప్పుడే పూలకుండీలు జరిపి చూశాను. గేటు వైపు అరచేయంత పుట్టగొడుగులు రెండు, పైన గోధుమ రంగు వార్నిష్ పూసినట్టు మెరుపు, అంచు తెల్లగా. పక్కన స్క్రూడ్రైవర్ పెట్టి నొక్కితే పిడి దాకా దిగిపోయింది. చెప్పడానికి సిగ్గుగా ఉంది, నాలుగేళ్ల కింద అటువైపే నీళ్ల పైపు కోసం లావుపాటి వేరు ఒకటి నరికించాం, పైగా మాను దాకా సిమెంటు పరిపించాం.

కొమ్మారెమ్మా:
అయితే నా మాట వెనక్కి తీసుకుంటున్నా. వేర్లు చాలావరకు పై రెండడుగుల మట్టిలోనే ఉంటాయండీ, అక్కడ గాలీ నీరూ అందకుండా మీరే మూసేశారు. కొట్టించేయండి, ముందు అనుమతి కావాలో లేదో కనుక్కోండి.

నీడకోసం:
నాదో అనుమానం. కొత్త మొక్కని ఇప్పుడే పాతదాని పక్కన పెట్టేస్తే ఒక ఏడాది కలిసొస్తుంది కదా?

నిచ్చెన:
కలిసిరాదు. చెట్టు పడేసేటప్పుడు మొక్క నలిగిపోతుంది, పైగా ఆ శిలీంధ్రం పాత మోడులో, వేర్లలో ఏళ్ల తరబడి బతికే ఉంటుంది. మోడు తవ్వించేసి, కనీసం మూడు మీటర్లు జరిగి పెట్టుకోండి. నిలువెత్తు మొక్క కోసం ఆశపడొద్దు, పెద్దది వేరు పట్టడానికే ఏళ్లు తీసుకుంటుంది, ఈలోపు చిన్నది దాన్ని దాటిపోతుంది. సంచి విప్పినప్పుడు వేర్లు గుండ్రంగా చుట్టుకుని ఉంటే విడదీయండి, లేదంటే పెరిగాక ఆ వేర్లే మానుకి ఉరి అవుతాయి.

వాకిలివేప:
సరే, కొట్టేవాళ్లకి కబురు పెట్టాను. కొత్తదానికి చోటు మా ఆవిడే చూపించింది, గోడకి దూరంగా, సిమెంటు పలకలు నాలుగు పీకేయాలి. మళ్లీ వేపే అని నేను, ఈసారి పూల చెట్టు అని తను. అది ఇంకా తేలలేదు.