పారిస్ విషయంలో ముట్టడి అనాలా, దిగ్బంధం అనాలా?

ప్రశ్న: పిల్లల కోసం మధ్యయుగ ఐరోపా మీద వ్యాసం రాస్తున్నాను. 885 నవంబరులో వైకింగులు (ఉత్తర ఐరోపా నుంచి పడవల్లో వచ్చి దోచుకునేవాళ్ళు) పారిస్ మీదికి వచ్చిన ఘట్టంలో "నగరాన్ని దిగ్బంధించారు" అని రాశాను. మా అక్క చదివి "ముట్టడించారు" అని దిద్దింది. కలెక్టరేట్ ముట్టడి అని పేపర్లలో రోజూ చూసే మాట, దాదాపు ఏడాది నడిచిన పోరాటానికి సరిపోతుందా?

జవాబు: మీ అక్కగారు దిద్దిందే సరైనదండీ. అసలు పారిస్‌లో దిగ్బంధం చేసింది వైకింగులు కాదు, నగరంవాళ్ళే! అప్పటి పారిస్ అంటే ప్రధానంగా సేన్ నది మధ్య ఉన్న దీవి. దాన్ని రెండు ఒడ్లకూ కలుపుతూ రెండు వంతెనలు, వాటి చివర బురుజులు. వైకింగులకు కావలసింది నది ఎగువకు పడవలు పోయే దారి. వాళ్ళ నాయకుడు సిగ్‌ఫ్రెడ్ అదే అడిగాడు. నగరాన్ని కాపాడుతున్న బిషప్ గోజ్లిన్, పాలకుడు కౌంట్ ఓడో ఒప్పుకోలేదు. దారి మూసినవాళ్ళు లోపల, దారి కోసం కొట్లాడినవాళ్ళు బయట. "దిగ్బంధించారు" అంటే కథ తిరగబడిపోతుంది.

ఇక ముట్టడి. ముట్టు అంటే తాకడం. శత్రువు వచ్చి కోటను తాకాడన్నమాట. చుట్టూ కమ్మేశాడని చెప్పాలంటే "చుట్టు" కూడా చేర్చి చుట్టుముట్టాడంటాం. పారిస్‌ను వైకింగులు పూర్తిగా చుట్టుముట్టలేకపోయారు. 886లో ఓడో బయటికి వెళ్ళి, చక్రవర్తి చార్లెస్‌ను సాయమడిగి, శత్రువుల మధ్య నుంచే తిరిగి లోపలికి వచ్చాడు. కాబట్టి చుట్టుముట్టారని రాయకండి, ముట్టడించారనే రాయండి.

ఈ ధాతువు మీద నాకు చాలా ఇష్టం, ఇంకో మాట చెప్పనివ్వండి. వైకింగులు పడవలకు నిప్పు ముట్టించి వంతెన మీదికి వదిలారు, వంతెన అంటుకోలేదు. ఇదంతా కళ్ళారా చూసి లాటిన్ పద్యాల్లో రాసినవాడు సెయింట్ జెర్మెయిన్ మఠంలోని అబ్బో అనే సన్యాసి. 700 నావలు, 40,000 మంది వచ్చారంటాడు. అవి కవి లెక్కలు. వ్యాసంలో వాడితే "అబ్బో చెప్పిన ప్రకారం" అని చేర్చండి. 886 ఫిబ్రవరిలో వరదకు చిన్న వంతెన కొట్టుకుపోయి, అవతలి బురుజులో పన్నెండు మంది చిక్కుకుపోయారు. లొంగకుండా పోరాడారు. పిల్లలకు ఈ ఘట్టం తప్పక చెప్పండి.

ప్రశ్న: చాలా థాంక్సండీ. మరి చివర "ముట్టడి విఫలమైంది" అనొచ్చా? చార్లెస్ డబ్బిచ్చాడుగా?

జవాబు: అనొచ్చు, నగరం వాళ్ళ చేతికి చిక్కలేదు కదా. కానీ అక్కడితో ఆపేస్తే అన్యాయం. చార్లెస్ సైన్యంతో వచ్చి కూడా యుద్ధం చేయలేదు. 700 పౌండ్ల వెండి ముట్టజెప్పడానికి ఒప్పుకున్నాడు, పైగా నది ఎగువన ఉన్న బర్గండీ ప్రాంతాన్ని దోచుకోమని వదిలేశాడు. ముట్టజెప్పడంలోనూ అదే ముట్టు! నెలల తరబడి ప్రాణాలొడ్డిన పారిస్ జనానికి అది ఎంత అవమానమో. రాజు ఒప్పుకున్నా వాళ్ళు మాత్రం వంతెనల కింద దారి వదల్లేదు. వైకింగులు పడవలను ఒడ్డుకెక్కించి, నేల మీద ఈడ్చుకుంటూ నగరం దాటించుకున్నారు. నేనైతే "ముట్టడి విఫలమైంది, వంతెన దారి మాత్రం తెరుచుకోలేదు" అని రాస్తాను.

ప్రశ్న: "మాత్రం" వద్దేమో? రెండూ ఒకవైపు మాటలే కదా.

జవాబు: నిజమే, తీసేయండి. "ముట్టడి విఫలమైంది, వంతెన దారి తెరుచుకోలేదు."