కొత్త సబ్ ఎడిటర్లు యూనికోడ్‌లో, పేజీలు అను ఫాంట్లలో: ఒత్తులు పోతున్నాయి

మాది 64 పేజీల సాహిత్య మాసపత్రిక. ఈమధ్యే ఇద్దరు కొత్త సబ్ ఎడిటర్లు చేరారు. మంచి చదువరులు, కథ దిద్దడంలో చేయి తిరిగినవాళ్లు. ఇద్దరూ యూనికోడ్‌లోనే (ఫోన్లలో, వెబ్‌లో అంతటా పనిచేసే అక్షర పద్ధతి) టైప్ చేస్తారు. పేజీలు పెట్టే ఆయన మాత్రం ఏళ్లుగా పేజీలు పెట్టే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ 7లో, యూనికోడ్ కాని అను ఫాంట్లతో పనిచేస్తున్నారు. అందులో యూనికోడ్ పనిచేయదు కాబట్టి, దిద్దిన ప్రతిని అను అక్షరాల్లోకి మార్చే కన్వర్టర్‌లో వేసి ఆయనకు పంపుతున్నాం.

చిక్కంతా అక్కడే. మామూలు మాటలు బాగానే వస్తున్నాయి. 'స్త్రీ', 'రాష్ట్రం' లాంటి చోట రెండో ఒత్తు ఎగిరిపోతోంది. 'సాఫ్ట్‌వేర్' కాస్తా 'సాఫ్ట్వేర్' అవుతోంది. కొటేషన్ గుర్తులు వేరే అక్షరాలైపోతున్నాయి. కవితల్లో పాదాల విరుపు కూడా చెదిరిపోతోంది. కవి అంత ఆలోచించి విరిచిన పాదం మా దగ్గర పాడైతే ప్రాణం ఉసూరుమంటోంది.

వేరే కన్వర్టర్లు వాడాం. వర్డ్‌లో ఫైండ్-రీప్లేస్‌తో సరిచేశాం. ఒకటి కుదిరితే ఇంకోటి చెడుతోంది. చివరికి పేజీలు పెట్టే కొత్త సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్‌లో నేరుగా యూనికోడ్ పెట్టి, అందులో మన లిపులను సరిగా పేర్చే వరల్డ్-రెడీ కంపోజర్ ఎంచుకుంటే ఒత్తులన్నీ చక్కగా కూర్చున్నాయి. కానీ మండలి ఫాంట్ 11 పాయింట్‌లో పెడితే సంచిక 70 పేజీలు దాటుతోంది. సైజు తగ్గిస్తే పెద్దవయసు పాఠకులు చదవలేరు. లీడింగ్ (వరుసల మధ్య దూరం) తగ్గిస్తే పై వరుస ఒత్తులు కింది వరుస గుడులకు తగులుతున్నాయి.

ఇన్‌డిజైన్‌కు మారిన పత్రికలవాళ్లు చెప్పండి: తక్కువ చోటు పడుతూ, కంటికి హాయిగా ఉండే యూనికోడ్ ఫాంట్ ఏది, ఎంత సైజు, ఎంత లీడింగ్‌తో వాడుతున్నారు?